ఎక్కిన చోటు

పామూరు బస్టాండులో
గానుగ పూత మీద మొదటిసారి చూశా దాన్ని.
జుంటీగ కాదు, పెరతేనె ఈగ కాదు,
తుమ్మెద అందామంటే నడుం సన్నం.
వీపు ఇటుకపొడి రంగు,
వెనకంతా దీపం మసి.
రెండు నిమిషాల హాల్టు.
డ్రైవరు హారన్ కొడుతున్నా వినకుండా
మూడు ఫొటోలు తీశా.
రెండు మసక.

కనిగిరి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే
ఎస్తేరు రాణి మేడం అడిగింది ఇంతే:
ఫొటో, తేదీ, ఊరు.
"ఏం చదివావో నాకక్కర్లేదు,
ఎక్కడ చూశావో చెప్పు చాలు."
ఇరవై రెండేళ్లుగా జనాన్ని నేనడిగే మాటే.
ఎక్కడ ఎక్కారు?
నన్నెవరూ అడగలేదు ఇన్నాళ్లూ.

ఇది మన దేశపు ఈగ కాదంట.
ఏ ఓడలో, ఏ దుంగ బెజ్జంలో
నిద్రపోతూ దిగిందో.
పెర పెట్టదు, తేనె దాచదు, రాణి లేదు.
దొరికిన కంతలో గుడ్డు పెట్టి
జిగురుతో మూతేసి పోద్ది.
ఒంటరి ఆడది.
నాలాగే, అని రాయబోయి
మానుకున్నా.

ఉగాది నుంచి లెక్క.
వరికుంటపాడులో పంక్చర్లేసే చిన్నోబులేసు
తలుపు గడియ బెజ్జంలో ఉందన్నాడు,
ఆ రోజు నుంచి గడియ పెట్టడం లేదు.
ఉదయగిరిలో గరిటెలు చెక్కే షాకిరాబీ
నర్ది కర్రలో మూత చూసి
చీల్చకుండా పక్కన పెట్టింది.
"ఒక గరిటె పోతే పోయిందిలే."
ఒక పిలగాడు కందిరీగని తీసి పంపాడు,
దాంతో పాటు
వాచిన తన పెదవిని కూడా.

కనపడలేదన్నదీ రాయమంది మేడం.
సెలవుల్లో అక్కోళ్ల ఊరు పోయి రాశా.
కొండాపురం: లేదు.
కొండాపురం: లేదు.
కొండాపురం: లేదు.
లేదని రాయడానికి ఇంత ఓపిక కావాలని
నాకేం తెలుసు.

వానలకు ముందు గోడకి పటం తగిలించింది.
శనగగింజంత ఎర్రచుక్కలు.
కనిగిరి, పామూరు, వరికుంటపాడు, ఉదయగిరి,
చుక్క వెనకాల చుక్క.
అటు వెలిగొండల్లోకి పోలేదు,
ఇటు సముద్రం దిక్కూ పోలేదు.
"గాలి వాటమా? పూల వరసా?"
మేడం తనలో తను గొణుక్కుంటోంది.
నా చేతిలో టిక్కెట్ మిషను
ఉన్నట్టుండి బరువెక్కింది.
అది నా రూటు.
స్టేజీలతో సహా.

రాత్రి డిపోలో
ఫోను లైటేసి బండంతా వెతికా.
ఎనిమిదో వరస, కిటికీ కింద,
బోల్టు ఊడిన బెజ్జానికి
బెల్లప్పాకం రంగు మూత.
పక్కన ఇంకోటి.
మూడోది తెరిచి ఉంది, ఖాళీ.
టిక్కెట్ లేకుండా ఇన్ని ట్రిప్పులు.

గోరు ఆనించి ఆగా.
పీకితే ఇక్కడితో ఆగుద్దా?
పీకకపోతే మన పుట్టతేనె ఈగల
నోటికాడి పువ్వు పోద్దా?
అదింకా తెలీదంది మేడం,
తెలీనిది తెలీదనే రాయాలంది.

ఫొటో తీశా.
తేదీ వేశా.
ఊరు అన్న చోట ఏం రాయాలో తోచక
చాలాసేపు కూర్చుని
బండి నంబరు రాశా.