మూడో గోతం దగ్గర

పొద్దున మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
సాయంత్రం నల్లపాడు గ్రౌండులో
మూడో బేసు పక్కన, సున్నం గీసిన డబ్బాలో
చేతులూపే మనిషిని.

మా బేసులు కొన్నవి కావు.
ఖాళీ టిక్కీల్లో ఊక దట్టించి కుట్టినవి.
మొదటిది తేజ, రెండోది బాడిగ,
మూడోదాని మీద 'తాలు' అన్న మార్కు ఇంకా చెరగలేదు.
ఎన్నిసార్లు ఉతికినా ఘాటు పోదు.
జారిపడ్డ పిల్ల తుమ్ముతూ లేస్తుంది,
సేఫో ఔటో చెప్పబోయి
అంపైరూ తుమ్ముతాడు.
ఇంటి పలకేమో లారీ వెనక వేలాడే రబ్బరు ముక్క,
ఐదు మూలలుగా కోస్తే
'హారన్' అన్న మాటలో
'హా' ఒక్కటే మిగిలింది.

చేరిన రోజే చెబుతాను:
మొదటి బేసు తొక్కి ముందుకి ఉరికిపో, ఏం కాదు,
ఆ ఒక్కచోటే కాళ్ళకి మాఫీ.
రెండు దగ్గరా మూడు దగ్గరా నిలదొక్కుకోవాలి.
ముందున్నదాన్ని దాటావో నువ్వే ఔటు,
అది మీ అక్కయినా, నత్తయినా.
గాల్లో బంతి పట్టేశారా,
ఎంత దూరం పోయినా బయల్దేరిన గోతానికే తిరిగి రా.
"పరుగులాటన్నారు," అంది సైదాబీ,
"సగం ఆగడమే నేర్పుతున్నారు సార్."
కుడి నుంచి ఎడమకి చుట్టే పిల్లల్ని చూసి
గేటు దగ్గర టీ కాచే వీరరాఘవమ్మ రోజూ గొణిగేది,
"గుడి చుట్టూ ఇట్టా తిరిగితే పున్నెం రాదే."

నాకూ ఒక రూలుంది.
అరవచ్చు. చెయ్యి గిరగిరా తిప్పొచ్చు.
అరచేతులు నేలకి నొక్కి, జారమనొచ్చు.
తాకకూడదు.
తూలిపోతున్న పిల్ల మోచెయ్యి పట్టుకుంటే
నా సాయమే దాన్ని ఔటు చేస్తుంది.
పదకొండేళ్ళయినా
ఆ క్షణాన ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ఆ రోజు తెనాలి పిల్లలతో.
ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు ఔటు, ఒక్క పరుగు వెనక.
తెల్లారుజాము నుంచి ముచ్చికలు తీసి
మంటెక్కిన వేళ్ళకి తడిగుడ్డ చుట్టుకుని
సైదాబీ బ్యాటు పట్టింది.
కొట్టింది.
బంతి దొర్లి దొర్లి
రోడ్డు వారన నిలిపిన లారీ కిందకి.
మా గ్రౌండుకి గోడ లేదు.
లారీ కింద పడ్డా బంతి బతికున్నట్టే,
రెండు జట్లూ ముందే ఒప్పుకున్న మాట.
ఇద్దరు తెనాలి పిల్లలు బోర్లా పాకుతున్నారు.

మొదటి గోతం తొక్కింది.
రెండోదాన్ని దాటింది. తొక్కలేదు.
బెత్తెడు.
బెత్తెడుకి తక్కువే.
అంపైరు కళ్ళు లారీ మీద.
తెనాలి కోచ్ కళ్ళు లారీ మీద.
చూసింది నేనొక్కణ్ణే.

కాటా ముల్లు దగ్గర
అరకిలో అటూ ఇటూ కన్ను మూయడం
నాకు రాని విద్యేం కాదు.
షావుకారు దగ్గుతాడు, నేను తల తిప్పుతాను,
రైతు బీడీ వెలిగించుకుంటాడు.

తిరుగుతున్న నా చెయ్యి
సగంలో నిలిచిపోయింది.
అరిస్తే తెనాలికీ వినపడుతుంది. అరవలేదు.
సైదాబీ చెయ్యి చూడలేదు, నా మొహం చూసింది.
తాలు గోతాన్ని తన్ని
గిర్రున వెనక్కి తిరిగింది.

గట్టు మీద ముచ్చికల ఆడవాళ్ళంతా
"ఇటు రావే, ఇటు! అటెక్కడికే?" అని ఒకటే గోల.
వీరరాఘవమ్మ మాత్రం గ్లాసు కడుగుతూ,
"ఇప్పుడు గదా సరిగ్గా తిరుగుతోంది."

గ్రీజు పూసుకుని వచ్చింది బంతి.
సైదాబీ జారింది.
బాడిగ గోతం కుట్టు ఊడి ఊక లేచింది,
రెండు జట్లూ కలిసి తుమ్మాయి.
సేఫు.

అక్కడే ఉండిపోయింది.
తర్వాత దిగిన మేరీ సుగుణ
మూడు బంతులూ గాలిని కొట్టింది.
ఓడిపోయాం.

దబ్బనంతో గోతం కుడుతుంటే పక్కన కూర్చుని
"చెయ్యెందుకు ఆపారు సార్?" అంది.
"నొప్పెట్టింది," అన్నాను.
పురికొస అందించింది, ఇంకేం అడగలేదు.

మర్నాడు కాటా దగ్గర
ముల్లు ఊగుతోంది, ఇంకా నిలవలేదు.
షావుకారు దగ్గాడు.
నాకు తుమ్మొచ్చింది.