పదిహేనా, పద్నాలుగా

ముందు సైకిలు గురించే అడిగాడు భీమేశ్వర్రావు.
ఆటోలోంచి ఇద్దరు దింపితే
మా ప్లీడరమ్మగారి అరుగు మీద కూలబడి
చంకకర్రలు పక్కన పెట్టుకుని
"సైకిలెప్పుడిస్తారండీ టేసనోళ్లు?" అని.

నేను గుమాస్తాని.
ఇరవయ్యేళ్లుగా అమలాపురం కోర్టులో
కాళ్లు విరిగినవాళ్ల కాగితాలు కుడుతున్నాను.
దబ్బనం, తెల్లదారం, నాలుగు కాపీలు.
"అది సాక్ష్యం బాబూ" అన్నాను.
"సాచ్చెం కాదండీ, అట్లాసండి అది."

ఇందుపల్లి దాటాక కాలవ గట్టు.
తెల్లారగట్ల నాలుగున్నర.
క్యారేజీకి మోకు, నడుముకి కత్తి.
రొయ్యల వ్యాను ఐసునీళ్లు కార్చుకుంటూ
వెనకనించి వచ్చింది.
అరవై అడుగుల ఎత్తున
కొబ్బరిచెట్టు ఒక్కనాడూ వదల్లేదు అతన్ని.
మూడడుగుల సీటు మీంచి పడ్డాడు.

కంపెనీ వకీలు మంచివాడే, నాకు టీ ఇప్పిస్తాడు.
బోనులో మాత్రం వరసగా అడిగాడు.
లైటుందా? లేదండి.
బెల్లు? ఉందండి, మోగదండి.
వెనక ఎర్రబిళ్ల?
మా బుడ్డోడు పీక్కున్నాడండి, ఆడుకోడానికి.
లైసెన్సు?
జడ్జిగారు తలెత్తారు.
"సైకిలుకి లైసెన్సేమిటండీ?"
ఆ ఒక్క మాటకి
హాల్లో ఫ్యాను కూడా కాస్త తేలిగ్గా తిరిగింది.

సగం తప్పు ఇతనిదేనని రాయిస్తే
సగం డబ్బు మిగులుతుంది కంపెనీకి.
మా ప్లీడరమ్మ లేచింది.
"వ్యానుకి రెండు లైట్లున్నాయి.
అవి దేనికి పెట్టారంటారు?"
అని కూచుంది.

కాలు నలభై శాతం పోయిందని
పెద్దాసుపత్రి డాక్టరు రాసిచ్చాడు.
చెట్టుకి ఆ లెక్క తెలీదు.
అరవై శాతం కాలుతో
ఎంత ఎత్తు ఎక్కొచ్చో
ఏ సర్టిఫికెట్టులోనూ లేదు.

సంపాదనకి రుజువేదన్నారు.
చెట్టుకింతని చేతిలో పెడతారు,
ఏ చెట్టూ రసీదివ్వదు.
"చేతులు చూపించు" అంది ప్లీడరమ్మ.
చెట్టుకి కాసినవి ఊళ్లోవాళ్లకి పోగా
అతనికి మిగిలిన కాయలు
రెండరచేతుల నిండా.
దాన్నెలా టైపు కొట్టాలో తెలీక
స్టెనో వేళ్లు ఆగిపోయాయి.

ఇక వయసు.
ఆధార్లో జనవరి ఒకటి, ఎనభైమూడు.
మా లంకల్లో సగం మంది
జనవరి ఒకటినే పుట్టారు మరి,
ఆ రాత్రి మంత్రసానులకి ఎంత పనో!
నలభై దాటితే ఏడాది సంపాదనని
పద్నాలుగుతో హెచ్చవేస్తారు,
దాటకపోతే పదిహేనుతో.
ఒక్క అంకె. అందులో ఒక ఏడు బియ్యం.
వెనక బల్ల మీంచి సత్యవేణి లేచి
"కాదండీ, మా అత్తగారు
ఎనభయ్యారు వరదకి ఏటిగట్టు మీద
పరదా కింద కన్నారండి ఈయన్ని" అంది.
కూర్చోమన్నారు.
గోదారి వచ్చి పోయినట్టు
చేవ్రాలు ఎక్కడుంది?

బడి రిజిస్టరు కోసం మూడూళ్లు తిరిగాను,
నా సైకిలు మీదే.
చీకటి పడితే నాక్కూడా లైటు లేదు.
లారీ వెనక పడ్డప్పుడల్లా
నా కాలి వెల ఎంతో
మనసులో హెచ్చవేసుకున్నాను,
యాభయ్యారేళ్లకి గుణకం చాలా చిన్నది.
చివరికి దొరికింది.
పేరులో సగం చెద తింది.
తేదీ మిగిలింది.

తీర్పు వచ్చే నెలకి వాయిదా.
శనివారం స్టేషను వెనక
బళ్ల గుట్టలోంచి సైకిలు లాగాం.
చువ్వల మధ్య పిప్పింటాకు మొలిచి ఉంది.
ముందు చక్రం వంకర.
కర్ర మీద ఒరిగి
చాలాసేపు సీటు తుడిచాడు.
అలవాటుగా బెల్లు నొక్కాడు.
మోగింది.
బెదురుచూపుతో నా వంక తిరిగి,
"మోగుతుందండీ ఇది.
మోగదని చెప్పేశానే.
జడ్జిగారికి చెప్పాలాండీ?"