జీడి మరక

కొండమీదాయన పెళ్లికి అప్పు చేసినప్పుడు
పత్రం మీద సాక్షులు ముగ్గురంట:
బ్రహ్మ, శివుడు, ఒక రావిచెట్టు.
మా అవ్వ చెప్తా ఉండేది.
నాకిప్పుడు ఆ రావిచెట్టు కావాల.

మూడు వేల రెండొందల కోట్లు ఎత్తాల నేను.
ఏర్పేడు దాటినాక, రైలు గేటుకు ఎడం పక్క,
ఎర్ర రంగు పూసిన సర్వే రాళ్ల నడుమ
మేకలు మేసే నూటెనభై ఎకరాలు.
కాగితంలో మాత్రం అక్కడ ఫ్యాక్టరీ ఉంది,
దానికి నీలం రేకుల కప్పు కూడా వేసినాను.
దుమ్ము చొరబడని గదుల్లో
ఏడాదికి లక్ష కార్లకు సరిపడా బ్యాటరీలు
వరసగా నిద్ర లేస్తుంటాయి.

సియోల్ నుంచి కిమ్ గారొచ్చినారు.
సైటు చూపిస్తే వంగి, పిడికెడు మన్ను తీసి
గాల్లో తేమ ఎంత అని అడిగినారు.
ఏడాదిలో ఎనిమిది నెలలు ఉండదు సార్, అన్నాను.
తలూపి రాసుకున్నారు.
మా కరువుకు ఎవరన్నా మార్కులెయ్యడం అదే మొదలు.

రాత్రి హోటలు మిద్దె మీద నిలబడి
ఘాట్ రోడ్డు లైట్లను చానాసేపు చూసినారు.
ఆ పాకేవి కరెంటు బస్సులని చెప్పినాను,
ఎక్కేటప్పుడు తాగిందాంట్లో
దిగేటప్పుడు కొంచెం వెనక్కిస్తాయని.
నవ్వినారు.
ఫార్ములా ఇస్తాం, ముందు బ్యాంకు కాగితం చూపమన్నారు.

బ్యాంకాయన ముంబైలో, ఇరవై రెండో అంతస్తులో.
అద్దానికి అవతల సముద్రం, ఇవతల ఏసీ:
కొనేవాళ్లెవరు మేడమ్, ముందు వాళ్ల సంతకం తెండి.

కార్ల కంపెనీ వాళ్లు చెన్నై అవతల.
కొంటాం, ఎందుకు కొనం, అని కాఫీ ఇచ్చినారు.
మీ బ్యాటరీ ఒకటి తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి చాలు.

బ్యాటరీకి ఫార్ములా.
ఫార్ములాకు బ్యాంకు.
బ్యాంకుకు కారు.
కారుకు బ్యాటరీ.
ఏడాదిన్నర తిరిగినాను ఈ చుట్టు.
నాలుగు మాడవీధులు తిరిగుంటే పుణ్యమన్నా వచ్చుండేది.

జూన్‌లో, దామలచెరువు దగ్గర,
తోతాపురి ట్రాక్టర్లు మైలు పొడుగు నిలబడి
మా బండి కదల్లేదు.
టీకి దిగితే మునుస్వామి మొదలియార్.
మా నాయన షాపులో లారీ బ్యాటరీకి
యాసిడ్ పోయించుకున్న మనిషి,
ఇప్పుడు మూడు గుజ్జు ఫ్యాక్టరీలు.
ఏమ్మాయ్, మొగం దోరకాయ మాదిరుందే, అన్నాడు.
చెప్పినాను, లెక్కలతో సహా.
కాటా మీంచి కన్ను తియ్యకుండా విన్నాడు.

"పూతప్పుడు ఎవుడూ అడ్వాన్సు ఇయ్యడు.
కాయ దిగినాక అందరూ ఇస్తారు.
నాకు లిథియం తెలీదమ్మాయ్.
మీ నాయన యాసిడ్‌లో నీళ్లు ఎక్కువ కలపలేదు,
అది తెలుసు."

ఏడు కోట్లన్నాడు.
డాలరు ఇరవై పైసలు పైకి జరిగితే
నా లెక్కల్లోంచి ఆవిరయ్యే డబ్బు.
షరతు ఒకటే: మొదటి బ్యాటరీలు తన కోల్డ్ రూములకు,
కరెంటు పోయిన రాత్రి గుజ్జు పులవకుండా.
ట్రాక్టరు బానెట్టు మీదే సంతకం పెట్టినాడు.
బొటనవేలి నుంచి జీడి అంటి
అక్షరాల పక్కన గోధుమరంగు మరక.

స్కాన్‌లో అది నల్లగా పడిందంట.
శుభ్రమైన కాపీ పంపండి, అని ముంబై నుంచి మెయిలు.

జీడి ఒంటి మీద పడితే కాలుతుంది,
మచ్చ ఒక పట్టాన పోదు.
వాళ్లకు ఇది ఎట్లా చెప్పాలో తెలీక
ఆ కాగితాన్నే మళ్లీ పంపినాను,
ఈసారి కలర్‌లో.

నిన్న ఏర్పేడు నుంచి మేకల ఈశ్వరమ్మ ఫోను:
వానకు రాళ్ల రంగు పోతాంది పాపా,
మల్లా పూయించేదా, వద్దా?

పూయించమన్నాను.