మూడు నిమిషాలు

గది మధ్య సుద్దముక్కతో గీత గీసినాను.
కిటికీ వైపు బెంచీలు: సాళువ నరసింహుడు రాజ్యాన్ని కాపాడినాడు.
తలుపు వైపు బెంచీలు: కాజేసినాడు.
ఎవరెటో చీటీ చెప్తుంది,
మీ మనసు కాదు, అన్నాను.

చంద్రగిరి పిల్లలు.
వీళ్ళకు రాజంటే
కిటికీలోంచి కనబడే కొండ,
ఆదివారం బస్సు దిగే జనం,
కోట బయట ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు.
"మా ఊరాయన మీద మేమే కేసు పెట్టాల్నా మేడం?"
ధనుంజయ చీటీని తేలును పట్టుకున్నట్టు
కొనతో పట్టుకున్నాడు.

అంట, అంటారు, అందరికీ తెలుసు:
ఈ మూడు మాటలూ బయట చెప్పుల దగ్గర వదలాల.
ఒకరు లేస్తే ఎదుటోళ్ళు మూడు నిమిషాలు
చెవులే తెరవాల.
ఇంతే రూలు.

లోహిత్ లేచినాడు, ముందే గొంతు సవరించుకోని.
"గద్దె మీద చేతకానోడు కూర్చోనుంటే
సరిహద్దు ఆగుతుందా?
ఇల్లు కాలతా ఉంటే
తాళంచెవి ఎవరిదని అడగతారా?"
కిటికీ బెంచీలు దద్దరిల్లినాయి.

ధనుంజయ రాసుకొచ్చిన కాగితం
మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"మా చిన్నాయన పాసుపుస్తకంలో పేరు మార్పించుకున్నాడు.
మీ నాయనకు సేద్యం చేతకాదురా, అన్నాడు.
చెరుకు ఇప్పుడు ఏపుగా ఉంది, నేను కాదనను.
ఏపుగా ఉందని..."
అంతే, కూర్చున్నాడు.
ఇంకా రెండు నిమిషాలుంది అతనికి.
ఫ్యాను తిరిగింది.
ఇది పాఠం కాదు, దీనికి శాసనం లేదు,
ఆపాల్సింది నేను.
గడియారం చూస్తా ఉన్నట్టు నిలబడిపోయినాను.

షమీనా అందుకుంది.
వాళ్ళ నాయన కోటలో టికెట్లు చింపుతాడు.
"కొండ మీద గోడలకు ఆయన ఇచ్చినవి చెక్కినారు.
ఇచ్చినవి ఆయనకు ఎట్లొచ్చినాయో
ఆ రాయే చెప్తుందా?
వెనక వాకిట్లోంచి పారిపోయిన రాజు
ఏ గోడకు చెప్పుకోవాల?"

వెనక వాకిలికి ఆధారమేది, అన్నాను.
"ఒక పరదేశి రాసినాడు మేడం."
ఎప్పుడు?
"యాభై ఏండ్లకు. ఎవరో చెప్పంగా విని."
కాసేపు ఆలోచించి తనే నవ్వింది.
"అయితే ఇదీ 'అంట'నే గదా!"
రెండు వైపులా నవ్వినారు. నేనూ.
నాలుగు మార్కులకు ఈ రాజును బట్టీపట్టి
పాసైనదాన్ని.

గంట కొట్టినారు. తట్టలు తీస్తా
ఎవరు గెలిచినారని అడిగినారు.
రేపు వైపులు మారతాయి, అన్నాను.
అబ్బా, అన్నారు.
ధనుంజయ మాత్రం గుడ్డు కూడా ఒలుచుకోకుండా వచ్చి
"రేపు నేను చిన్నాయన వైపు మాట్లాడాల్నా?"
రాజు వైపు నాయనా, అన్నాను.
"అదే మేడం," అన్నాడు.

సాయంత్రం కోట మీద లైట్లు వేసినారు.
చీకట్లోంచి పెద్ద గొంతు
రాజుల్ని ఒక్కొక్కరినే పొగడతా వచ్చింది.
టికెట్ల గది మెట్ల మీద షమీనా,
ఒళ్ళో నోటుపుస్తకం,
క్లాసులో మాదిరే చెయ్యెత్తి కూర్చోనుంది.
గొంతు ఆగలేదు.
పొగడతానే ఉంది.
పిల్ల చెయ్యి దించలేదు.