దారం కొన

మొదటి బెల్టు కొరికినప్పుడు నవ్వేను.
రెండోది కొరికినప్పుడు చీపురు తీసేను.
మూడోది తెగిన రోజు
పైడితల్లి పండక్కి ఇంకా పదకొండు రోజులు,
దండెం మీద కుట్టాల్సిన జాకెట్లు నలభై రెండు,
గంటస్తంభం వెనక సందులో
మా మిషను కింద చక్రం బెల్టు లేకుండా
ఊరికే తిరుగుతోంది.

కుక్కగుంట బల్ల కింద కూచుని
తోలుముక్కని తాంబూలంలా నములుతోంది.
దాని పేరు బాబిను. పెట్టింది మా ఈశ్వరి.
తల్లి లారీ కింద పడ్డాక
కొత్తపేట కాలవ పక్కన దొరికింది,
అప్పటికి కళ్ళు తెరిచి వారమైనా కాలేదు.

పశువులాసుపత్రిలో కాంపౌండరు గౌరునాయుడు
పెదవి ఎత్తి చూసేడు, చిగుళ్ళు నొక్కేడు.
"పాలపళ్ళు రాలి గట్టిపళ్ళు వస్తన్నాయమ్మా, దురద.
కర్రతో కొట్టకు. ఇది కొట్టు" అని
ఓ స్ప్రే సీసా చేతిలో పెట్టేడు.
"ఇసమా బావూ?"
"చేదు. ఒట్టి చేదు.
రోజూ కొట్టాల, ఆరిపోతే జోరు తగ్గిపోద్ది.
నమల్డానికి దానికంటూ ఏదో ఒకటి ఇయ్యి మరి.
వద్దన్నంత మాత్రాన పళ్ళు ఆగుతాయేటి?"

కొత్త బెల్టుకి కొట్టేను.
తడికి బెల్టు జారిపోయి, ఎంత తొక్కినా
మిషను కదల్లేదు. ఒక పూట పోయింది.
ఆరేక మళ్ళీ తొక్కేను.
బల్ల కాళ్ళకి కొట్టేను, కత్తెర పిడికి, గుమ్మంలో చెప్పులకి,
టేపు వేలాడే కొసకి.

బాబిను వచ్చింది. వాసన చూసింది. నాలిక ఆనించింది.
ఆగింది.
తల విదిలించి, నురగ కక్కి,
బెల్టు వైపు కాదు, నా వైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు.
ఎక్కడో చూసేను. ఎక్కడన్నది తట్టలేదు.
చేతినిండా పని.

రాత్రి పదయ్యింది. కరెంటు పోయి వచ్చింది.
మెరూన్ జాకెట్టుకి దారం మార్చి
కొన తడుపుదామని నోట్లో పెట్టుకున్నాను,
ముప్పయ్యేళ్ళుగా పెట్టుకుంటున్నట్టే.

అమ్మో.
నాలిక మీంచి గొంతులోకి, గొంతులోంచి చెవుల్లోకి
పాకింది చేదు.
రెండు చెంబుల నీళ్ళు, ఒక బెల్లంముక్క,
ఆఖరికి ఆవకాయ అన్నం,
ఏదీ దాన్ని కదపలేదు.

అప్పుడు తట్టింది.
ఈశ్వరికి రెండేళ్ళు నిండి మూడో నెల.
మా అత్త వేపాకు నూరి అరిటాకు ముక్కలో తెచ్చింది.
"రాసీసుకో. రెండ్రోజుల్లో మరిసిపోద్ది."
రాసుకున్నాను. పిల్ల పరిగెత్తుకొచ్చింది,
నోరు పెట్టింది, ఆగింది,
రొమ్ము వైపు కాదు, నా మొహంలోకి చూసింది.

ఆ చేదు ఎంతో
అప్పుడు నేను రుచి చూడలేదు.
నూరిన రాయి కడిగేసేను, చేతులు కడిగేసుకున్నాను,
అటు తిరిగి పడుకున్నాను.
పాతికేళ్ళు ఆలస్యంగా నా వంతు వచ్చింది,
దారం కొనకి అంటుకుని.

పొద్దున్నే ఈశ్వరి కాజాలు కుడుతుంటే అడిగేను,
"పాలు మానిపించినప్పటిది నీకేమైనా గురుతుందేటే?"
పళ్ళతో దారం తెంపబోయి ఆగింది
(నేనే ఆపేను, చెయ్యి అడ్డం పెట్టి).
"రెండేళ్ళప్పటి మాట ఎవుడికి గురుతుంటాదమ్మా"
అని నవ్వింది.
కత్తెర అందించేను.
పిడి కూడా చేదే, చేతులకి తెలీదు అంతే.

మిగిలిపోయిన జీన్సు గుడ్డపేలికలు
మూడు పాయలు తీసి జడలా అల్లేను,
కొసన గట్టిగా ముడేసి
బల్ల కింద పడేసేను. దానికి మందు కొట్టలేదు.
బాబిను చాలాసేపు దగ్గరికి రాలేదు.
ముక్కు చాపుతుంది, నన్ను చూస్తుంది,
ముక్కు వెనక్కి తీసుకుంటుంది.

చివరికి నేనే కింద కూచుని
ఆ ముడిని నాలికతో తాకి చూపించేను.

సందులో పాలప్యాకెట్ల కుర్రాడు సైకిలాపి
నోరు తెరుచుకుని చూస్తున్నాడు.
చూడనీ.
నలభై రెండులో ఇంకా పంతొమ్మిది ఉన్నాయి.