ఇరవై మూడో పేజీ

రెండు వందల పేజీల వార్షిక నివేదికలో
నాకు అప్పజెప్పింది ఇరవై మూడో పేజీ.
పైన శీర్షిక: "మేం చేరిన ప్రతిచోటా మంచితనం".
కింద ఒక ఫొటోకి సరిపడా ఖాళీ.

కంపెనీ పుట్టింది బాలానగర్‌లో,
కిరాయి షెడ్డు, ఒక్క కాంక్రీటు మిక్సరు.
ఇప్పుడు సొహార్ రేవు పక్కన
క్రేన్ల నెత్తిన దాని పేరు
సముద్రానికి వినిపించేంత గట్టిగా
రాత్రంతా వెలుగుతుంది.
వచ్చే ఏడు దుఖుమ్, ఆ పైన మొంబాసా అట.
మ్యాపు మీద పిన్ను గుచ్చినప్పుడల్లా
ఆఫీసులో కేకు కోస్తారు.

ఫొటో కోసం లేబర్ క్యాంపుకి పోయాను.
ఆగస్టు. ఎండకి పని ఆపే వేళ.
రేకుల నీడలో టోపీలు పంచే కార్యక్రమం.
ఒకే టోపీని ఒకే మనిషికి మూడుసార్లు ఇచ్చాం,
మొదటి రెండుసార్లు వెలుతురు సరిపోలేదు.

వరుసలో ఆఖరివాడు బొల్లె గంగమల్లు.
టోపీకి చెయ్యి చాపలేదు.
గోడమీది ఇంగ్లీషు పోస్టరు చూపించి
"ఆ ఊరి పేరు చదువు సారూ" అన్నాడు.
మోతుకులపల్లె. తాగునీటి శుద్ధి కేంద్రం. మా కానుక.
"మాదే ఊరు."

నవ్వుతాడో తిడతాడో తెలియక
కెమెరాకి మూత పెట్టాను.
మూడు నెలల జీతం ఆగి ఉంది.
"తాత్కాలిక సర్దుబాట్లు" అని
నూట పద్దెనిమిదో పేజీలో నేనే టైపు చేశాను.
క్యాంపు కూలరు జూన్ నుంచీ
నీళ్లివ్వదు, దగ్గుతుంది.

అతను లసుంబాయికి ఫోన్ కలిపాడు.
స్పీకర్లో ఆమె గొంతు, వెనక డబ్బాల చప్పుడు:
"నీళ్లు మంచిగున్నయి.
చిన్నోని పండ్లకు ఇగ గార పట్టదంటున్నరు.
బోర్డు మీద మీ కంపెనీ పేరే ఉన్నది,
నువ్వే పంపినవా ఏంది?
మరి పైసలెప్పుడు పంపుతవ్?"

ఆ రెండు ప్రశ్నల మధ్య
చాలాసేపు నిలబడ్డాడు.
తర్వాత, నాతో కాదు, రేకులతో అన్నట్టు:
"నా ఓటీ పైసలే కావచ్చు.
నాకన్న ముందుగాల ఇంటికి పోయినయి."

కోపానికి పిడి దొరకలేదు నాకు.
నీళ్లు నిజం. పిల్లాడి పళ్లు నిజం.
కూలరు నిజం.
టోపీ కూడా, మంచి నూలు టోపీ.

చివరికి ఫొటో తియ్యమన్నాడు,
బోడి తలతో, ఫోను చెవికి ఆనించుకుని.
"కింద కంపెనీ పేరొద్దు సారూ,
నాది రాయి."

పంపాను.
వెలుతురు సరిపోలేదని తిరిగొచ్చింది.

ఇరవై మూడో పేజీలో ఇప్పుడొక మొక్క ఉంది.
ఎవరివో చేతులు, తడి మట్టి.
మట్టి ఏ దేశానిదో రాయలేదు.