పేజీకి రూపాయి

పురసవాక్కంలో మా జెరాక్స్ అంగడి పైన
ప్రతి ఆదివారం కథలు రాయడం నేర్పుతారు.
పది వారాలకు ఎనిమిది వేలు. టీ ఖర్చు విడిగా.
పదిన్నరకు క్లాసు, పదింటికే నా దగ్గర గుంపు:
"అన్నా, పన్నెండు కాపీలు. తొందర."

పన్నెండు సార్లు ఒకే కథ
వేడివేడిగా నా చేతుల్లోకి వస్తుంది.
చదవకుండా ఎట్లా ఉంటాను?
మెషీన్‌కి వెలుగుంది గానీ చదువు లేదు.
నాకు తొమ్మిదో తరగతి దాకా ఉంది.

పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో వెల్డరు ఎతిరాజులు
మొదటి వారం తెచ్చింది ఇప్పటికీ గుర్తే:
అగ్నిపుష్పాలు, స్వేదబిందువులు,
శ్రామికుడి గుండెలో రగిలేదేదో.
పైన రంగమన్నార్ మాస్టారు ఏమన్నారో తెలీదు,
దిగి వస్తున్నప్పుడు మనిషి ముఖం
నీళ్లు చల్లిన పొయ్యిలా ఉంది.

ఆరో వారం రెండే పేజీలు.
అద్దం పెట్టుకోకుండా ఒక్క అతుకు వేసిన రాత్రి.
కళ్లలో ఇసుక. పడుకోలేడు, కూర్చోలేడు.
తమ్ముడి భార్య పచ్చి బాలింత,
తలుపు చాటునుంచి చెయ్యి మాత్రం చాపి
గ్లాసులో నాలుగు చుక్కల పాలు ఇచ్చింది.
ఆ చెయ్యి దగ్గర కథ ఆపేశాడు.
పదమూడో కాపీ నేను తీసుకున్నాను, లెక్కలో రాయకుండా.

అప్పట్నుంచి ఎవరైనా వచ్చి
"చేరొచ్చా అన్నా? పైసలకు తగ్గట్టు ఉంటుందా?" అంటే
ఉంటుందనే చెప్పేవాణ్ణి.

తర్వాత వైజయంతి.
కాశిమేడు పిల్ల. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం.
తెలుగక్షరాలు ఇరవై ఏళ్లకు దిద్దుకుంది,
ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలీక పక్కన పెట్టేది.
మొదటి కథ ఇట్లా ఎత్తుకుంది:
"మా అవ్వ మీను కడగతా ఉండాది.
మీను సచ్చినా కండ్లు మూయలా.
అవ్వా అట్నే పోయింది."
నా వేలు పచ్చ బటన్ మీద ఆగిపోయింది.
వెనకాయన "ఏం సార్, కరెంటు పోయిందా?" అన్నాడు.

తొమ్మిదో వారం అదే కథ, దిద్దుకుని తెచ్చింది:
"అమ్మమ్మ చేపలు శుభ్రం చేస్తోంది.
వాటి కళ్లు తెరిచే ఉన్నాయి."
ఒక్క తప్పు లేదు.
ఒత్తులన్నీ బుద్ధిగా వాటి కుర్చీల్లో కూర్చున్నాయి.
మాస్టారు పచ్చ సిరాతో రాసిన "భేష్" కనబడేలా
ఇంకో కాపీ తీయించుకుంది, ఇంట్లో చూపించడానికి.
తీసిచ్చాను. మీను వాసన రాలేదు.

మాస్టారు మంచివాడే. తప్పంటే తప్పనీ లేదు.
చాలామంది రాతకు ఇస్త్రీ కావాలి.
ఈ పిల్ల ఆరేసింది వల.

నేనూ రాస్తున్నాను. ఎవరికీ చెప్పకండి.
పాడైన కాగితాల వెనక, కరెంటు లేనప్పుడు.
ముందువైపు ఎవరిదో రేషన్ కార్డు, సగం ముఖం.
వెనక నా వాక్యం.
పైకి వెళితే అంగడి ఎవరు చూస్తారని అంటుంటాను గానీ
ఆదివారం మధ్యాహ్నం వచ్చేది ఇద్దరో ముగ్గురో.
పన్నెండు మంది నా కాగితం పట్టుకుని
తలలు వంచుకుని కూర్చోవడం ఊహించుకుంటే
మోకాళ్లు మెట్లు మరిచిపోతాయి.

మొన్న వానలో వైజయంతి వచ్చింది.
కోర్సు అయిపోయి ఏడాదిన్నర.
"అన్నా, ఆ మొదటి కత. నోటుబుక్కు పోయింది.
నీ కడ ఉంటాదా?"

ఉంది. డ్రమ్ము మీద గీత పడిన రోజుది,
అవ్వకూ మీనుకూ నడుమ నిలువునా నల్లటి చార.
కాగితం తిప్పింది. వెనక నా రాత!
లాక్కోబోయాను. అప్పటికే చదువుతోంది,
పెదాలు కదుపుతూ,
గొడుగు నీళ్లు తన కాళ్ల మీదే కారుతుంటే.

చాలాసేపటికి తలెత్తింది.
"రెండో లైను తీసేయన్నా.
అది లేకున్నా తెలస్తానే ఉండాది."
పర్సు తెరిచి "ఎంత?" అంది.

రెండు వైపులా ఉంది గదా,
రెండు రూపాయలు తీసుకున్నాను.